‘యాంబులేట్’ అంటే నడవమని అర్థం

సంపాదక మహాశయులకు నమస్కారాలు.

గత నెలలో ఒక సాయంత్రం కాశీనగరం వైపు పల్లె నుంచి ఒక ఇల్లాలు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఆమె భర్త రైసు మిల్లులో కళాసీ. ఇరవై ఏళ్లు బస్తాలు మోసిన నడుము పాడై, ఎడమకాలు ఈడ్చి నడిచే స్థితికి వచ్చాక, ఉన్న బంగారం కుదువపెట్టి విశాఖపట్నంలో డిస్కు (వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) ఆపరేషన్ చేయించారు. ఆపరేషన్ బాగానే జరిగింది, కాలు లాగడం ఆ మర్నాటికే తగ్గిపోయింది. అయినా ఇరవై రెండు రోజులుగా ఆ మనిషి మంచం దిగలేదు. నలభై రోజులు కదలకూడదని ఇంట్లో పెద్దలు తీర్మానించారు. “మీకూ నడుంలో మేకులు కొట్టినారట గదమ్మా, మరి మీరెలగ నడిసేస్తన్నారు?” అని ఆమె అడిగింది. ఆమెకు చెప్పిన జవాబునే కొంచెం విస్తరించి మీ పాఠకుల ముందు పెట్టాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. నిడివి ఎక్కువైతే మన్నించగలరు.

నేను ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఉన్నత పాఠశాల తెలుగు ఉపాధ్యాయినిని. 2012లో మొదలైన నడుము నొప్పితో పదేళ్లు కాపురం చేసి, 2022 డిసెంబరులో వెన్నుకు శస్త్రచికిత్స చేయించుకున్నాను. ఆ పదేళ్లలో నేను చేయని వైద్యం లేదు. మందుల దుకాణంలో అడిగి కొనుక్కున్న డైక్లోఫెనాక్ మాత్రలు, వీధి చివర ఆర్‌ఎంపీ గారి సూదులు, ఆముదం కాపడాలు, బెల్టులు అన్నీ అయ్యాయి. ఎదురుకాళ్లతో పుట్టినవారు తొక్కితే నడుము పట్టు వదులుతుందని మావైపు గట్టి నమ్మకం. ఆ ప్రకారం మా పక్కింటి కుర్రవాడిని, పాపం వాడు ఆరో తరగతి, పిలిపించి మా అత్తగారు నా నడుము మీద మూడు ఆదివారాలు తొక్కించారు. మూడో ఆదివారం వాడే భయపడి దిగిపోయాడు. నొప్పి మాత్రలు ఏళ్ల తరబడి మింగడం వల్ల కడుపులో పుండు పడవచ్చునని, మూత్రపిండాలు దెబ్బతినవచ్చునని నాకు ఎవరూ చెప్పలేదు. ఆపరేషన్‌కు ముందు చేసిన రక్తపరీక్షలో మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ ఎక్కువగా కనిపించి, అది అదుపులోకి వచ్చేవరకు ఆపరేషన్‌నే వాయిదా వేశారు.

నొప్పి తీరు క్రమంగా మారింది. మొదట నడుముకే పరిమితమైనది, తర్వాత పిరుదు మీదుగా పిక్కలోకి దిగింది. నూరడుగులు నడిచేసరికి రెండు కాళ్లూ బరువెక్కి మొద్దుబారేవి. ముందుకు వంగితే మాత్రం హాయిగా ఉండేది. గుణుపురం నుంచి విశాఖ వెళ్లే ప్యాసింజరులో ఎక్కితే, సీటు దొరికినా దొరకకపోయినా, ఎదుటి సీటు వీపు మీద మోచేతులు ఆనించి టెక్కలి దాటేవరకు వంగి నిలుచునేదాన్ని. తరగతిలోనూ బల్లమీద వాలి పాఠం చెప్పేదాన్ని. టీచరమ్మకు వయసు మీద పడిందని పిల్లలు అనుకున్నారు. వెన్నులో నరాలు దిగే కాలువ ఇరుకైనవారికి వంగినప్పుడు ఆ కాలువ కాస్త వెడల్పై నరాల మీద ఒత్తిడి తగ్గుతుందని, నా తంటాకు కారణం ఆ ఇరుకేనని తర్వాత తెలిసింది.

ఎమ్మారైలో తేలినదేమంటే, నడుములోని ఐదు పూసలలో నాలుగవది ఐదవదాని మీద నుంచి ముందుకు జారింది. యాభై దాటిన ఆడవారిలో తరచుగా కనిపించే తేడాయే ఇది. అయినా ఆపరేషన్ మాట ఎత్తగానే మా ఇంటిల్లిపాదీ ఒకటే మాట అన్నారు: వెన్ను కోస్తే కాళ్లు పడిపోతాయి. ఈ భయంతోనే నేను చివరి నాలుగేళ్లు వృథా చేశాను. విశాఖలో చూసిన న్యూరోసర్జన్ మందుల చీటీ వెనుక బొమ్మ గీసి చూపించేవరకు ఆ భయం పోలేదు. మెదడు నుంచి దిగే వెన్నుపాము నడుములోని మొదటి, రెండవ పూసల దగ్గరే ఆగిపోతుందట. అక్కడినుంచి కిందికి ఉన్నవి విడివిడి నరాలు. వైద్యులు ఆ నరాల గుత్తిని గుర్రపు తోక అంటారు, నాకైతే జడ చివర విప్పిన పాయలు గుర్తుకు వచ్చాయి. నా పూస జారినది ఆ పాయలున్న చోట, వెన్నుపాము ఆగిపోయిన చోటికి కిందన. ఏ ఆపరేషన్‌లోనూ ప్రమాదం బొత్తిగా ఉండదని ఆయన అనలేదు. నరానికి దెబ్బ తగలవచ్చు, చీము పట్టవచ్చు, నొప్పి మిగిలిపోనూ వచ్చు అని అన్నీ చెప్పారు. ముఖ్యంగా, ఇది కాలి బాధను తీర్చినంత బాగా నడుము నొప్పిని తీర్చదని ముందే హెచ్చరించారు. ఆ మాట నిజమైంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకపోతే తప్పవుతుంది. నడుము నొప్పి వచ్చిన ప్రతివారికీ కోత అక్కరలేదు. డిస్కు జారి కాలు లాగుతున్నవారిలో ఎక్కువమందికి ఆరు నుంచి పన్నెండు వారాలలో మందులతో, వ్యాయామంతో తగ్గిపోతుంది. నాకు కూడా వెన్నులో ఇచ్చిన స్టెరాయిడ్ ఇంజెక్షన్ మూడు నెలలు సుఖాన్నిచ్చింది, రెండవసారి ఇచ్చినది పనిచేయలేదు. అయితే పాదం పైకి లేవకపోవడం, మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పడిపోవడం, కూర్చునే చోట తిమ్మిరెక్కి స్పర్శ పోవడం, వీటిలో ఏది కనిపించినా మాత్రలు మింగుతూ కూర్చునే వ్యవధి లేదు, ఆ పూటకాపూటే పెద్దాసుపత్రికి పోవాలి. కాశీనగరం కళాసీకి పాదం జారుతున్నా నెల రోజులు తైలం రాశారు. ఆయన బొటనవేలు ఇప్పటికీ సరిగా లేవడం లేదు.

ఆపరేషన్ మూడున్నర గంటలు పట్టింది. నాలుగు టైటానియం స్క్రూలు, రెండు కడ్డీలు, అరిగిన డిస్కు స్థానంలో ఎముక ముక్కలు నింపిన చిన్న పంజరం పెట్టారు. ఎక్స్‌రేలో అవి మా పెరటి తలుపు మడతబందుల్లా కనిపిస్తాయి. ఈ కడ్డీలు పూసలను పట్టి ఉంచేది తాత్కాలికంగానే. అసలు పని ఆ మధ్యలో పెట్టిన ఎముక ముక్కలు పైపూసతో, కిందిపూసతో అతుక్కొని ఒకే ఎముక కావడం. అందుకు ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. సిమెంటు పోసిన స్లాబు ఆరేలోపు కింద ఆసరాగా గుంజలు ఎందుకు పెడతామో ఆ స్క్రూలూ అందుకే. ఈ ఎముక అతుక్కోవడానికి పొగాకు పెద్ద శత్రువు. మా ప్రాంతంలో అడ్డపొగ (చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకొని) తాగే ముసలమ్మలు ఇంకా ఉన్నారు కనుక, “స్మోకింగ్ మానండి” అని కాగితంలో రాసినా, తాము చేసేది స్మోకింగ్ అని వారికి తోచదు. చుట్ట మానమని చుట్ట పేరు పెట్టి చెప్పాలి.

రెండవ రోజు ఉదయమే నన్ను లేపి నిలబెట్టారు. నేరుగా లేవకూడదు. మోకాళ్లు మడిచి, భుజాలూ నడుమూ ఒకేసారి దుంగ దొర్లినట్టు పక్కకు దొర్లి, కాళ్లు మంచం కిందికి జారవిడుస్తూ మోచేతి మీద లేవాలి. ఆసుపత్రిలో ఉన్న ఐదు రోజులూ వాకరు పట్టుకొని వరండాలో నడిచాను. పిక్కలో ఆ పాత పోటు లేదు. పదేళ్ల తర్వాత వంగకుండా నిటారుగా పది అడుగులు వేసినప్పుడు నాకు ఏడుపు వచ్చింది, నర్సమ్మ నొప్పి అనుకొని కంగారుపడింది.

ఇంతవరకు వైద్యుల పని. నా కథలో పొరపాటు అంతా ఇంటికి వచ్చాక జరిగింది, దానికి ఆసుపత్రిని గానీ మా వారిని గానీ తప్పుపట్టలేను. డిశ్చార్జి రోజున డాక్టరు గారు ఐదు నిమిషాలు మాట్లాడి, మూడు పేజీల కాగితం చేతిలో పెట్టారు. అంతా ఇంగ్లీషు. నాకు మత్తు మాత్రల మగత, కాగితం మా వారి చేతిలో ఉంది. ఆయన కిరాణా వ్యాపారి, ఒడియా, తెలుగు లెక్కలలో దిట్ట, ఇంగ్లీషు అంతంతమాత్రం. అందులో ఒకచోట ‘యాంబులేట్’ అనే మాట ఉంది. అది అంబులెన్సుకు సంబంధించినదని ఆయన అర్థం చేసుకున్నారు. ఊపుకు వెన్ను కదలకుండా అంబులెన్సులో తీసుకుపోవాలని, ఎక్కడికైనా వెళ్లవలసి వస్తే అంబులెన్సే పిలవాలని రాశారనుకొని, అప్పు చేసి మరీ అంబులెన్సు మాట్లాడి నన్ను పడుకోబెట్టి పర్లాకిమిడి చేర్చారు. నిజానికి ఆ మాటకు అర్థం నడవమని. ఆసరాతో రోజూ నడవమని రాసిన వాక్యాన్ని మేము మంచం దిగవద్దనే ఆజ్ఞగా తీసుకున్నాము.

ఆపైన మా అత్తగారి ప్రేమ. ఆవిడ వయసు ఎనభై, నన్ను కన్నకూతురి కన్నా ఎక్కువగా చూసుకునే మనిషి. “లెగకమ్మా, ఎన్ను కోసినారు, ఇరిగిపోద్ది” అని గుమ్మంలోనే పీట వేసుకొని కాపలా కూర్చున్నారు. మూత్రానికి మంచం మీదే బెడ్‌పాన్ పెట్టారు. పథ్యం పేరుతో కందిపప్పు మానిపించారు, ఎందుకంటే పప్పు తింటే కోత చీము పడుతుందని ఈ ప్రాంతంలో ప్రతి ఇంటా అంటారు. గుడ్డు లేదు, చేప లేదు, వంకాయ లేదు, పెరుగు వాతం. వేయించిన కారప్పొడి, నెయ్యి, అన్నం, పలచని చారు మాత్రమే పద్దెనిమిది రోజులు తిన్నాను. కోత మానడానికి, కండ తిరిగి పట్టడానికి శరీరానికి కావలసినవే పప్పు, గుడ్డు, చేప, పాలు. నొప్పి మాత్రలకు తోడు ఈ తిండి, కదలని ఒళ్లు కలిసి మలబద్ధకం పట్టి, ముక్కవలసి వచ్చినప్పుడల్లా కుట్ల దగ్గర ప్రాణం పోయినట్టయ్యేది.

పందొమ్మిదవ రోజు పొద్దున్న ఎడమ పిక్క బిగుసుకుపోయి ఉంది. రాత్రి సరిగా పెట్టుకోలేదేమో అనుకున్నాను. మధ్యాహ్నానికి అది కుడిదాని కన్నా లావైంది, చెయ్యి వేస్తే వేడిగా ఉంది. మా అబ్బాయి కొబ్బరినూనె రాసి పిసకబోతే, ఎందుకో వద్దన్నాను. ఆ ఒక్క మాట నన్ను కాపాడిందని తర్వాత అన్నారు. శ్రీకాకుళంలో డాప్లర్ స్కానింగు తీస్తే పిక్కలోని లోతు సిరలో రక్తం గడ్డకట్టి ఉంది. కదలకుండా పడుకున్న కాలిలో రక్తం నిలిచి ఇలా గడ్డ కడుతుందని, ఆ గడ్డ విడిపోయి ఊపిరితిత్తులకు చేరితే మనిషి నిమిషాలలో పోవచ్చునని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. “ఇన్నాళ్లు ఎందుకు నడవలేదు? కాగితంలో రాసి ఉంది కదా” అని అడిగి, ఆ వాక్యం మీద వేలు పెట్టి చూపింది. మా వారి ముఖం నేను ఇప్పటికీ మరచిపోలేను. రక్తం పలచబడే మాత్రలు మూడు నెలలు వేసుకున్నాను. ఆ రోజు నుంచి నా అసలు కోలుకోవడం మొదలైంది.

ఇంటి వరండా గోడ నుంచి గోడకు పద్నాలుగు అడుగులు. మొదటి వారం ఐదేసి నిమిషాలు, రోజుకు ఐదుసార్లు ఆ పద్నాలుగు అడుగులే నడిచాను. పడుకున్నప్పుడు కూడా గంటకోసారి చీలమండలను ముందుకూ వెనక్కూ ఆడించమన్నారు. కూర్చోవడం ఇరవై నిమిషాలకు మించకూడదు, అది కూడా చేతులున్న ఎత్తు కుర్చీలో. నడుము మెలితిప్పకూడదు, వంగకూడదు, రెండు కిలోలకు మించి ఎత్తకూడదు. రెండు కిలోలంటే ఎంతో మాకు బోధపడలేదు. మా వారు దుకాణం నుంచి తక్కెడ తెచ్చి వంటింట్లోని వస్తువులన్నీ తూచి, ఒక్కొక్కదాని మీద సుద్దముక్కతో బరువు రాశారు. నీళ్లు, పప్పు పోసిన చిన్న కుక్కరు మూడు కిలోల పైమాటే. నిండు బిందె పన్నెండు దాటింది. రుబ్బురోలు పొత్రాన్ని తూచకుండానే లెక్కలోంచి కొట్టేశారు. చివరికి నాకు మిగిలినవి గరిటె, కాఫీగిన్నె, ఉప్పు డబ్బా. ఆ సుద్దరాతలు చూసి వచ్చినవారు నవ్వారు గానీ, డాక్టరు గారి కాగితంలోని ఆంక్ష మా ఇంటి భాషలోకి మొదటిసారి తర్జుమా అయినది అప్పుడే.

మా ఇళ్లలో నేలతోనే బతుకంతా. నేలమీదే కూర్చుని కత్తిపీటతో కూర తరగాలి, నేలమీదే భోజనం, నేలమీదే పడక, గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి. ఆపరేషన్ అయినవారికి వీటిలో ఏదీ కుదరదు. కుర్చీ కమోడ్ ఒకటి తెచ్చాము, బల్లమీద చాకుతో కూరలు తరగడం నేర్చుకున్నాను. ముగ్గు మాత్రం ఏడాది పొడవునా మా కోడలే పెట్టింది. ఆ ఏడాది సంక్రాంతికి గుమ్మంలో కుర్చీ వేసుకొని చుక్కల లెక్క చెప్పే పని మాత్రం నాకు వదిలారు.

ఆరు వారాలకు అరగంట నడవగలిగాను. వీధి చివర గుడి దాకా, తర్వాత మహేంద్రతనయ నది గట్టు దాకా వెళ్లి రాగలిగాను. మూడవ నెలలో ఎక్స్‌రే చూసి పొట్ట కండరాలు బిగించే వ్యాయామాలు, ఆపైన వెల్లకిలా పడుకొని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తే వ్యాయామం మొదలుపెట్టించారు. వెన్నును పట్టి ఉంచేది ఎముకలూ స్క్రూలే కాదు, చుట్టూ ఉన్న కండ కూడా. అందుకే బెల్టును కూడా డాక్టరు చెప్పినంత కాలమే వాడి తీసేయాలి, అదే పనిగా కట్టుకుంటే ఆ కండ సోమరి అయిపోతుంది. నాలుగవ నెలలో బడికి వెళ్లాను. నల్లబల్ల పైసగంలోనే రాసేదాన్ని. కిందిసగం ఎప్పుడూ ఖాళీగా ఉంటోందని గమనించిన పిల్లలు అక్కడ బొమ్మలు గీసుకునేవారు, నేను చూడనట్టు ఊరుకునేదాన్ని.

అంతా బాగైపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. కాలిలో పోటు పూర్తిగా పోయింది, మైలు నడవగలను. ఎడమపాదం చివరి రెండు వేళ్ల తిమ్మిరి మిగిలింది. నలిగిన నరం మళ్లీ పెరిగేటప్పుడు రోజుకు మిల్లీమీటరు చొప్పున, అదీ అన్ని చోట్లా కాదు, కోలుకుంటుందట. వర్షాకాలపు ఉదయాలలో నడుము బిగుసుకుంటుంది. మధ్యలో, అయిదవ నెల ప్రాంతంలో, నొప్పి తిరిగివచ్చి, ఆపరేషన్ విఫలమైందని వారం రోజులు దిగులుతో ఎవరితోనూ మాట్లాడలేదు. పదేళ్ల నొప్పికి అలవాటుపడిన శరీరం ప్రతి చిన్న పోటునూ పాతదనుకొని భయపడుతుందని, ఆ భయంతో కదలడం మానితే నొప్పి ఇంకా పెరుగుతుందని ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పినప్పుడు ఓదార్పుగా అనిపించింది. ఈ దిగులు సంగతి కూడా రోగికి ముందే చెప్పాలి.

ఇక నేను మీ పత్రిక ద్వారా అడగదలచినది. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీసిన గీతకు నేటి ఆంధ్రలోని పాతపట్నం అటూ పర్లాకిమిడి ఇటూ మిగిలాయి, నడుమ దూరం పెద్దగా లేదు. గీత ఎక్కడున్నా పెద్ద ఆపరేషన్ అంటే మాకు బ్రహ్మపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రి గానీ, శ్రీకాకుళం, విశాఖపట్నం గానీ దిక్కు. ఆంధ్రప్రదేశ్ రేషన్ కార్డుతో ముడిపడిన వైద్య సేవ పథకం మాకు వర్తించదు. 2025లో ఒడిశా కూడా ఆయుష్మాన్ భారత్‌లో చేరడంతో ఆ పథకంలోని ఆసుపత్రులకు రాష్ట్రం దాటి వెళ్లే వీలు కలిగింది, సంతోషం. కానీ కార్డు ఆపరేషన్ బల్ల దాకా తీసుకుపోతుంది. ఆ తర్వాతి ఆరు నెలలు రోగి గడిపేది ఇంట్లో, అక్కడ డాక్టరు ఉండడు, అత్తగారు ఉంటుంది. ఆవిడకు అర్థమయ్యే భాషలో ఒక్క కాగితం లేదు.

బ్రహ్మపురంలో ఆపరేషన్ అయితే సూచనలు ఒడియాలో చెబుతారు, విశాఖలో అయితే నోటితో తెలుగులో చెప్పి ఇంగ్లీషులో రాసి ఇస్తారు. మా పట్టణంలో చాలామందికి రెండు భాషలూ వస్తాయి గనుక నోటిమాటతో గడిచిపోతుంది. పల్లెల్లోని పెద్ద వయసు తెలుగు ఆడవారికి ఒడియా రాదు, కొండమీద సవర గిరిజనులకు రెండూ అంతంతే. జనం మాట్లాడే భాషలోనే పుస్తకం ఉండాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పనిచేసిన ఊరు మాది. ఆయన సవర నేర్చుకొని సవర పిల్లలకు వారి భాషలోనే వాచకాలు రాశారు. ఆ ఊళ్లో నా వంటి తెలుగు టీచరు ‘యాంబులేట్’ అనే మాట దగ్గర ప్రాణం పోగొట్టుకోబోయింది.

నా అభ్యర్థన పెద్దదేమీ కాదు. సరిహద్దుకు రెండువైపులా వెన్ను ఆపరేషన్లు చేసే ఆసుపత్రులు డిశ్చార్జి రోజున తెలుగులోనూ ఒడియాలోనూ ఒక అచ్చు కాగితం ఇవ్వాలి. ఎలా లేవాలో బొమ్మ ఉండాలి, ఏ వారం ఎన్ని నిమిషాలు నడవాలో ఉండాలి, బరువులు కిలోలలో కాక బిందె, కుక్కరు, చంటిపిల్ల అని ఉండాలి, పప్పూ గుడ్డూ తినవచ్చునని ఉండాలి, పిక్క వాచినా, జ్వరం వచ్చి కోత నుంచి చీము కారినా, మూత్రం బిగిసినా ఎక్కడికి ఫోన్ చేయాలో ఉండాలి. ఇంటి నుంచి వచ్చిన వారిలో రోగిని చూసుకోబోయే ఆడమనిషిని, బిల్లు కట్టే మగవారిని కాదు, కూర్చోబెట్టి ఒకసారి చదివి వినిపించాలి. జిల్లా ఆసుపత్రిలో వారానికి ఒక పూట ఫిజియోథెరపీ తెలుగులో చెప్పే ఏర్పాటు ఉంటే మరీ మంచిది. మీ పత్రిక ఆరోగ్య పేజీలో అటువంటి కాగితాన్ని నిపుణుల చేత రాయించి అచ్చువేస్తే, మా వైపు వారు కత్తిరించి దాచుకుంటారు.

కాశీనగరం ఇల్లాలికి ఆ సాయంత్రం నా డిశ్చార్జి కాగితం ముందు పెట్టుకొని పెద్ద అక్షరాలలో ఒక పేజీ రాసి ఇచ్చాను. నేను నడక గురించి మొదలుపెట్టబోతే ఆమె ఆపి, “ముందల పప్పు ముక్క రాయండమ్మా, మా అత్త అదే అడుగుద్ది” అంది. అలాగే మొదటి వాక్యం పప్పు మీద రాశాను. కింద నా సంతకం పెట్టమంటే పెట్టాను గానీ, చెయ్యి వెనకాడింది. ఆయనది డిస్కు ఆపరేషన్, నాది పూసలు అతికించిన ఆపరేషన్, రెండింటి గడువులూ ఒకటి కావు. ఆ తేడా నాకు తెలిసినంతలో రాసి, విశాఖకు ఫోన్ చేసి అడిగాకే పాటించమని చెప్పాను. మొన్న ఫోనులో చెప్పింది, ఆ పేజీ వాళ్ల గోడకు క్యాలెండరు పక్కన అంటించి ఉందని, ఆయన రోజూ మిల్లు గేటు దాకా నడిచి వస్తున్నాడని, పక్క ఊరి నుంచి ఇంకొకరు వచ్చి దానిని ఫోనులో ఫోటో తీసుకుపోయారని. ఆ ఇంకొకరికి జరిగిన ఆపరేషన్ ఏమిటో ఆమెకు తెలియదు, నాకూ తెలియదు. అందుకే వైద్యులు రాసిన కాగితం త్వరగా రావాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక తెలుగు ఉపాధ్యాయిని,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.